పాత టచ్‌ఫోన్లలో పెంపుడు పిల్లి ఆటను తయారుచేసే విధానం

పెంపుడు జంతువును సాకే ఆటకు బలమైన ప్రాసెసర్ అక్కరలేదు. 1996లో జపాన్‌కు చెందిన బందాయ్ సంస్థ విడుదల చేసిన తమగోచి అనే పెంపుడు జీవి ఆటబొమ్మ తెరలో అడ్డంగా 32, నిలువుగా 16 చుక్కలే ఉండేవి. అయినా ఎన్నో దేశాల పిల్లలు దాన్ని జేబులో పెట్టుకుని బడికి సైతం తీసుకువెళ్లారు. ఆడేవారు పక్కన లేనప్పుడు కూడా లోపలి గడియారం నడుస్తూ, ఆ జీవికి ఆకలి వేయిస్తూ ఉండడమే ఆ బొమ్మ ఆకర్షణకు మూలం. అందువల్ల ఈ వివరణలో బొమ్మల కంటే కాలగణనకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

2008 నుంచి 2012 వరకు వచ్చిన ఎల్‌జీ కుకీ, శాంసంగ్ స్టార్, నోకియా 5800, నోకియా ఆషా 305 వంటి ఫోన్లన్నీ జావా ఎంఈ (చిన్న పరికరాల కోసం రూపొందించిన జావా) అప్లికేషన్లను నడుపుతాయి కాబట్టి, ఒకే ప్రోగ్రాముతో వీటన్నిటికీ ఆట సిద్ధం చేయవచ్చు. విశాఖపట్నంలో డాబాగార్డెన్స్, జగదాంబ కూడలి పరిసరాల్లోని సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణాల్లో ఈ పాత ఫోన్ల కోసం అడిగి చూడండి. కొనే ముందు వెనుక మూత తీసి బ్యాటరీ ఉబ్బలేదని చూసుకోవాలి. తెర నాలుగు మూలలా స్పర్శను గుర్తిస్తోందో లేదో కూడా పరీక్షించాలి. పై నాలుగు ఫోన్ల తెరలూ ఒత్తిడిని బట్టి పనిచేసే రకానికి చెందినవి. వేలి విద్యుత్ వాహకతతో వీటికి పని లేదు కనుక, విశాఖ ఉక్కపోతలో చెమట పట్టిన వేళ్లతో కూడా ఇవి ఇబ్బంది పెట్టవు. ఈ విషయంలో నేటి ఫోన్ల కంటే ఇవే నయం.

కంప్యూటర్‌లో జేడీకే 8 (జావా ప్రోగ్రాములు తయారుచేసే పరికరాల సమూహం), ఫోన్ ఆటల కోసం సన్ సంస్థ ఇచ్చిన వైర్‌లెస్ టూల్‌కిట్ 2.5.2 ఉంటే చాలు. జేడీకే 9 నుంచి పాత జావా రూపాలకు కంపైల్ చేసే సౌకర్యాన్ని తొలగించారు కాబట్టి కొత్త జేడీకే ఇక్కడ పనికిరాదు. టూల్‌కిట్‌లో ఎంఐడీపీ 2.0, సీఎల్‌డీసీ 1.1 అనే జావా ఎంఈ ప్రమాణాలను ఎంచుకోవాలి.

జంతువు విషయానికి వస్తే, ఫిషింగ్ హార్బర్‌లో వలల మధ్య తిరిగే పిల్లిపిల్లను ఉదాహరణగా తీసుకుందాం. దానికి కడుపు నిండుదనం, శుభ్రత, ఉత్సాహం అనే మూడు కొలతలు చాలు. వీటి సంఖ్యను పెంచితే ఆట లోతుగా మారుతుందనుకోవడం పొరపాటు. కొలతలు ఒకదానినొకటి ప్రభావితం చేసినప్పుడే ఆటలో రుచి పుడుతుంది. పచ్చి నెత్తళ్లు పెడితే కడుపు నిండుతుంది గాని శుభ్రత కొంత తగ్గుతుంది; కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ఆడించినా ఉత్సాహం పెరగదు; కడుపు నిండిన పిల్లి ఎండుచేపను చూసి కూడా మొహం తిప్పుకుంటుంది. ముఖకవళికను ఎంచుకునేటప్పుడు మూడింటి సగటును కాకుండా, అన్నిటికంటే తక్కువగా ఉన్న కొలతను చూడాలి. సగటు తీసుకుంటే ఆకలితో నకనకలాడే పిల్లి, ఒంటికి స్నానం చేయించినందుకు నవ్వుతూ కనిపిస్తుంది.

ప్రతి కొలతనూ 0 నుంచి 1000 వరకు పూర్ణాంకంగా ఉంచాలి. కడుపు నిండుదనం ప్రతి 36 సెకన్లకు ఒక పాయింటు తగ్గితే గంటకు 100 తగ్గుతుంది, అంటే నిండు కడుపు 10 గంటల్లో ఖాళీ అవుతుంది. ఆట తెరిచి ఉన్నంతసేపే లెక్కించే టైమర్‌పై ఆధారపడితే ఈ లెక్క సాగదు, ఎందుకంటే ఈ ఫోన్లలో చాలావాటిలో అప్లికేషన్ మూసిన వెంటనే ప్రోగ్రాము మొత్తం ఆగిపోతుంది. కాబట్టి చివరిసారి లెక్క చేసిన సమయాన్ని భద్రపరచి, మళ్లీ తెరిచినప్పుడు ప్రస్తుత సమయంలోంచి దాన్ని తీసివేసి, మధ్యలో గడిచిన కాలానికి సరిపడా పాయింట్లను ఒక్కసారిగా తగ్గించాలి.

ఇక్కడ శేషాన్ని జాగ్రత్తగా చూడాలి. పది నిమిషాల తర్వాత ఆట తెరిచారనుకుందాం: 600 సెకన్లను 36తో భాగిస్తే 16 పాయింట్లు పోను 24 సెకన్లు మిగులుతాయి. భద్రపరిచిన సమయాన్ని నేరుగా ప్రస్తుత సమయానికి మార్చేస్తే ఆ 24 సెకన్లు లెక్కలోంచి జారిపోతాయి. అరనిమిషానికి ఒకసారి ఆట తెరిచి మూసేవారి పిల్లికి అసలు ఆకలే వేయదు. భద్రపరిచిన సమయాన్ని 16ను 36తో గుణించగా వచ్చే 576 సెకన్లు మాత్రమే ముందుకు జరిపితే ఈ దోషం ఉండదు. ఒక్కో కొలత ఒక్కో వేగంతో తగ్గుతుంది కనుక ప్రతిదానికీ విడి సమయం ఉంచుకోవాలి.

ఫోన్ గడియారాన్ని పూర్తిగా నమ్మకూడదు. బ్యాటరీ తీసి చాలాసేపు పక్కన పెడితే చాలా పాత ఫోన్లలో తేదీ తొలి విలువకు వెళ్లిపోతుంది. అప్పుడు గడిచిన కాలం రుణసంఖ్యగా వచ్చి, కడుపు దానంతట అదే నిండిపోతుంది. ప్రస్తుత సమయం భద్రపరిచిన సమయం కంటే వెనుక ఉంటే గడిచిన కాలాన్ని సున్నాగా తీసుకుని, కొత్త సమయాన్ని భద్రపరచాలి. ఎక్కువ కాలం గడిచిన సందర్భానికి కూడా ఒక గరిష్ఠ పరిమితి అవసరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి పరిస్థితిలో ఫోన్ చార్జ్ చేసుకోలేకపోయినవారికి పిల్లి చనిపోయిందని చూపించడం అన్యాయం. గైర్హాజరును 12 గంటలకు మించి లెక్కించకపోవడం, ఏ కొలతనూ 50కి దిగువకు పోనివ్వకపోవడం, పిల్లిని అసలు చావనివ్వకపోవడం నా సిఫార్సు. ఆకలితో అలిగి వలల వెనుక దాక్కున్న పిల్లిని బుజ్జగించి బయటికి రప్పించడం చావు కంటే మంచి ఆట. పిల్లి వయసును సైతం తేదీల తేడాతో కాకుండా, ఈ పరిమితికి లోబడి లెక్కించిన కాలాన్ని కూడుతూ నిర్ణయిస్తే, తేదీని ఒక్కసారి ముందుకు జరిపి పిల్లిని పెద్దదాన్ని చేయడం వీలుకాదు.

ఈ విలువలను ఫోన్‌లో భద్రపరచడానికి జావా ఎంఈలో రికార్డ్‌స్టోర్ అనే సౌకర్యం ఉంది. ఆట మూసేటప్పుడు ఒకేసారి రాయవచ్చని అనిపిస్తుంది గాని, బ్యాటరీ ఊడిపోతే ఆ అవకాశమే రాదు. తినిపించిన, ఆడించిన, స్నానం చేయించిన ప్రతిసారీ రాయాలి. రెండు రికార్డులు పెట్టుకుని వాటిలో మార్చి మార్చి రాస్తూ, ప్రతిదానిలో ఒక వరుస సంఖ్య, ఒక సరిచూపు మొత్తం (రాసినది చెడిపోలేదని తేల్చే చెక్‌సమ్) చేర్చితే, రాస్తుండగా ఫోన్ ఆగిపోయినా రెండోది మిగులుతుంది. మొదటి బైటులో రికార్డు రూపం సంఖ్య (వెర్షన్) ఉంచడం వల్ల తర్వాత కొత్త కొలత చేర్చినప్పుడు పాత పిల్లులు మాయం కావు.

స్పర్శకు సంబంధించి, 3 అంగుళాల, 240×400 తెరలో అంగుళానికి సుమారు 155 చుక్కలు వస్తాయి. వేలికి సౌకర్యంగా ఉండే 9 మిల్లీమీటర్ల బొత్తానికి అందులో దాదాపు 55 చుక్కలు కావాలి, కాబట్టి అడ్డంగా నాలుగు బొత్తాలకు మించి పెట్టరాదు. వేలు కదలకపోయినా ఈ తెరలు స్థానాన్ని కొద్దిగా అటూ ఇటూ చూపుతాయి. 10 చుక్కల లోపు కదలికను నొక్కడంగానే తీసుకోవాలి. నిమరడాన్ని గుర్తించేటప్పుడు ఎన్ని కదలికలు నమోదయ్యాయో కాకుండా, వేలు మొత్తం ఎంత దూరం జరిగిందో కొలవాలి, ఎందుకంటే ఒక ఫోన్ పదులకొద్దీ కదలికలు పంపే చోట మరొకటి రెండు మూడే పంపుతుంది.

బొమ్మలకు సెకనుకు నాలుగు మార్పులు సరిపోతాయి. తెర మొత్తాన్ని కాకుండా పిల్లి ఉన్న భాగాన్నే తిరిగి గీయాలి, తెర కనుమరుగు కాగానే గీసే పనిని ఆపాలి; బ్యాటరీ నిలవడం వీటిపైనే ఆధారపడి ఉంటుంది. కుడివైపు నడిచే బొమ్మను అద్దంలోలా తిప్పి ఎడమవైపు నడకకు వాడితే మెమరీ కలిసివస్తుంది. 240×400 నేపథ్య చిత్రం ఒక్కటే, చుక్కకు 2 బైట్ల చొప్పున 1,92,000 బైట్లు తీసుకుంటుంది కనుక, సముద్రం, ఆకాశం వంటి విశాల భాగాలను చిత్రంగా కాకుండా రంగు పట్టీలుగా గీయడం మేలు.

తెలుగు అక్షరాల కోసం ఫోన్‌లోని ఫాంటును నమ్ముకోవద్దు. చాలా ఫోన్లలో తెలుగు లేదు, ఉన్నచోట ఒత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. కావలసిన పది పన్నెండు వాక్యాలను కంప్యూటర్‌లోనే పీఎన్‌జీ చిత్రాలుగా మార్చి చేర్చాలి. ఒత్తు, గుడి, కొమ్ము అన్నీ స్పష్టంగా కనిపించాలంటే వరుసకు 24 చుక్కల ఎత్తయినా కేటాయించాలి.

పూర్తయిన జార్ ఫైలును (ఆట మొత్తాన్ని మూటగట్టిన ఫైలు) బ్లూటూత్ ద్వారా గాని, మెమరీ కార్డులో గాని ఫోన్‌లోకి పంపవచ్చు. నెట్ వాడకపోతే అనుమతులు అడిగే సందేశాల బెడద కూడా ఉండదు. కొన్ని ఫోన్లు జావా ఆటల కింద తెరమీద కీప్యాడ్ చూపి సగం స్థలాన్ని ఆక్రమిస్తాయి. నోకియా, శాంసంగ్ ఫోన్లలో దాన్ని అణచే ప్రత్యేక పంక్తులను జార్‌లోని వివరణ ఫైలులో చేర్చాలి. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌పై ఫోన్‌ను అనుకరించే ప్రోగ్రాములో) అంతా సవ్యంగా నడిచిన తర్వాత అసలు ఫోన్‌లో నాలుగు పరీక్షలు చేయండి: తేదీని ఒక రోజు ముందుకు జరపడం, ఒక ఏడాది వెనక్కి జరపడం, తినిపిస్తుండగా బ్యాటరీ లాగేయడం, ఆట మధ్యలో ఆ ఫోన్‌కు కాల్ చేయడం. నాలుగింటిలోనూ పిల్లి కొలతలు అర్థవంతంగా మిగిలితే, ఫైలును ఇతరులకు ఇవ్వవచ్చు.