ప్లగిన్లతో నడిచే చాట్ బాట్‌ను తయారు చేసి, అప్‌డేట్ చేసుకోవడం ఎలా?

విశాఖపట్నంలోని మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఎంవీపీ కాలనీ రైతు బజారు ధరలు తెలుసుకోవడానికి టెలిగ్రామ్ గ్రూపులో ఒక బాట్ (అడిగినదానికి తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రామ్) పెట్టుకున్నారు. నెల తిరగకముందే నీళ్ల ట్యాంకర్ వేళలు, మెయింటెనెన్స్ బకాయిలు, తుఫాను హెచ్చరికలు కూడా అదే చెప్పాలన్నారు. అన్నీ ఒకే ఫైల్లో రాస్తే బకాయిల లెక్కలో తప్పు దొర్లిన రోజున ధరలు చెప్పడం కూడా ఆగిపోతుంది కనుక, ఒక్కో పనిని ఒక్కో ప్లగిన్‌గా, అంటే విడిగా చేర్చి తీయగల చిన్న ఫైల్‌గా, రాయడమే మేలు.

ముందుగా బాట్‌ఫాదర్ (కొత్త బాట్లను నమోదు చేసే టెలిగ్రామ్ వారి బాట్) దగ్గర టోకెన్, అంటే మన బాట్‌కు తాళంచెవి లాంటి రహస్య సంకేతం, తీసుకుని, దానిని కోడ్‌లో కాక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రామ్ బయట కంప్యూటర్‌లో ఉంచే విలువగా) దాచండి. స్లాష్ గుర్తుతో మొదలయ్యే టెలిగ్రామ్ కమాండ్లలో ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి. కాబట్టి ‘ధర వంకాయ’ వంటి మాటను మామూలు సందేశంగానే చదవాలి. అందుకు గ్రూపులోని మామూలు సందేశాలను బాట్‌కు చేరనివ్వని ప్రైవసీ మోడ్‌ను బాట్‌ఫాదర్‌లో ఆపి, బాట్‌ను గ్రూపు నుంచి తీసి మళ్లీ చేర్చాలి. అప్పటి నుంచి గ్రూపులోని మాటలన్నీ బాట్‌కు చేరతాయి గనుక, ఆ సంగతి సభ్యులకు ముందే చెప్పడం మర్యాద.

తరువాత ప్లగిన్లను నడిపే కోర్ (ప్రధాన) ప్రోగ్రామ్‌ను పైథాన్ భాషలో రాయండి. సందేశం అందుకోవడం, మొదటి మాటను బట్టి ప్లగిన్‌ను పిలవడం, జవాబు పంపడం తప్ప దానికి వేరే పని ఉండకూడదు. ప్రతి ప్లగిన్ ఫైల్లో పేరు, వెర్షన్, అది స్పందించే మాటలు, జవాబిచ్చే ఫంక్షన్ ఉంటే చాలు. ఒక ప్లగిన్‌లో తప్పు వచ్చినా మిగతావి ఆగకుండా, ఆ ఫంక్షన్‌ను ట్రై–ఎక్సెప్ట్ (ఎర్రర్‌ను పట్టుకునే పైథాన్ నిర్మాణం) లోపలే పిలవండి.

ధరల ప్లగిన్‌లో మమ్మల్ని ఎక్కువగా ఏడిపించింది కోడ్ కాదు, వర్ణక్రమం. టమాట, టమాటా, టమోటా మూడూ ఒకటేనని బాట్‌కు చెప్పాలి. ‘బీన్స్’ చివర కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, కంటికి కనబడని గుర్తును చేరుస్తాయి. ఆ గుర్తు ఉన్న మాట, లేని మాట చూపుకు ఒకటిగానే ఉన్నా పోల్చినప్పుడు కలవవు. ఆ గుర్తును అడిగిన మాటలోనూ మన జాబితాలోనూ తొలగించాకే పోల్చండి.

అప్‌డేట్ చేసేటప్పుడు మార్పును ముందు వేరే టోకెన్‌తో పరీక్షా బాట్‌లో నడిపి చూడండి. బాట్‌ను ఆపకుండా ప్లగిన్‌ను మళ్లీ చదివించడానికి పైథాన్‌లో ఉన్న ఇంపోర్ట్‌లిబ్ రీలోడ్ పాత మాడ్యూల్‌లోనే (అప్పటికే లోడ్ అయి ఉన్న ఫైల్‌లోనే) కొత్త కోడ్‌ను నడుపుతుంది. మధ్యలో ఎర్రర్ వస్తే సగం పాత, సగం కొత్త మిగులుతుంది. అందుచేత కొత్త ఫైల్‌ను వేరే పేరుతో లోడ్ చేసి, కావలసిన ఫంక్షన్లు ఉన్నాయని తేలాకే పాతదాని స్థానంలో పెట్టండి. బకాయిల పట్టికలో కాలమ్ మారితే మాత్రం ముందుగా డేటాబేస్‌కు నకలు తీయక తప్పదు.

కోర్ మారితే రీస్టార్ట్ చేయాల్సిందే. సందేశాలు టెలిగ్రామ్ సర్వర్లలో 24 గంటల వరకు నిలిచి ఉంటాయి గనుక రాత్రి పది నిమిషాలు ఆపినా ఏమీ పోదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పటిలా రోజుల తరబడి కరెంటు పోతే ఆ గడువు చాలదు. తుఫాను హెచ్చరికలు చెప్పే బాట్‌ను ఇంట్లోని కంప్యూటర్‌పై కాక ఊరి బయటి సర్వర్‌పై నడపండి. మళ్లీ మొదలయ్యాక సందేశం వచ్చిన సమయాన్ని చూసి, పాతబడినవాటిని కోర్ వదిలేయాలి, లేకుంటే రాత్రి అడిగిన ట్యాంకర్ వేళ తెల్లవారాక గ్రూపులో పడుతుంది.