అడిస్ అబాబాలో లేస్తున్న ఎత్తైన భవనం పని ఎంతవరకు వచ్చిందో బయటినుంచే అంచనా వేయడం ఎలా?

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో బ్యాంకులు తమ ప్రధాన కార్యాలయాల కోసం పోటాపోటీగా ఎత్తైన భవనాలు కట్టుకుంటూ వచ్చాయి. వాటిలో కమర్షియల్ బ్యాంక్ ఆఫ్ ఇథియోపియా భవనం ఎత్తు 209 మీటర్లు. 2015లో మొదలై, 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఇలాంటి కట్టడం పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి లోపలికి వెళ్లే అనుమతి అవసరం లేదు, ఏం చూడాలో తెలిస్తే చాలు.

ముందుగా ప్రహరీ మీది బోర్డు చదవండి. అంతస్తులను అక్కడా మనలాగే ‘జీ ప్లస్’ లెక్కలోనే చెబుతారు, దాని ముందు సెల్లార్ల సంఖ్య ఉంటుంది కాబట్టి దాన్ని ఎత్తులో కలపకూడదు. తేదీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇథియోపియా పంచాంగం మన వాడుక క్యాలెండరు కంటే ఏడెనిమిదేళ్లు వెనుక ఉంటుంది. పైన చెప్పిన 2022 ఫిబ్రవరి వారి లెక్కలో 2014వ సంవత్సరం. ఇది గమనించకపోతే, గడువులోనే ఉన్న పని కూడా ఏళ్ల తరబడి ఆలస్యమైనట్టు కనిపిస్తుంది.

తర్వాత ఎత్తు కొలవాలి. ఫోనులోని కోణమానిని పై అంచుకు గురిపెట్టి, అది 45 డిగ్రీలు చూపేవరకు వెనక్కు నడవండి. ఆ అంచుకు సరిగ్గా కింద ఉన్న చోటికి మీ నుంచి ఎంత దూరమో మ్యాపులో చూసి, దానికి మీ కంటి ఎత్తు కలిపితే భవనం ఎత్తు వస్తుంది. అయితే ఇది నేల చదునుగా ఉన్నప్పుడే నిజం, అడిస్ అబాబా మాత్రం ఎత్తుపల్లాల నగరం. భవనం అడుగు మీ కంటికి 3 డిగ్రీలు దిగువన కనిపిస్తే, 100 మీటర్ల దూరంలో ఆ తేడాయే 5 మీటర్లు దాటుతుంది. అలాంటప్పుడు కంటి ఎత్తుకు బదులు దాన్నే కలపాలి.

ఇప్పుడు శిఖరాన్ని చూడండి. లిఫ్టులూ మెట్లూ ఉండే నడిమి కాంక్రీటు గోడలు సాధారణంగా శ్లాబుల కంటే కొన్ని అంతస్తులు ముందుంటాయి. కాబట్టి గోడల ఎత్తును, చివరి శ్లాబు ఎత్తును విడివిడిగా రాసుకోవాలి. చుట్టుపక్కల చిన్న భవనాలకు కట్టే జామాయిల్ కర్రల పరంజా ఇంత ఎత్తుకు పనికిరాదు. ఇక్కడ సెంట్రింగు కూడా అంతస్తు అంతస్తుకూ పైకి జరుగుతుంది. అది కొన్ని వారాలుగా కదలకపోతే వెంటనే పని ఆగిందనుకోకండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అక్కడ వానలు గట్టిగా కురుస్తాయి. వానలు వెలిసినా క్రేన్ తిరగకుండా, పిల్లర్లపై పొడుచుకువచ్చిన ఇనుప చువ్వలు తుప్పుపట్టి పెచ్చులు లేస్తుంటే, పని చాలాకాలంగా నిలిచిపోయిందని అనుమానించవచ్చు.

నా దృష్టిలో అసలు ఓపిక కావలసింది చివరి శ్లాబు పడిన తర్వాతే. సిమెంటు దేశంలోనే దొరుకుతుంది. అద్దాలు, లిఫ్టులు, ఏసీ యంత్రాల వంటివాటిలో ఎక్కువ భాగం విదేశీ మారకంతో తెప్పించుకోవాలి, ఇథియోపియాలో దానికి ఏళ్లుగా కటకటే. అందుకే శ్లాబులు పడిన వేగంతో ప్రారంభోత్సవ తేదీని ఊహించకండి. అద్దాలు బిగించిన అంతస్తులను నెలనెలా లెక్కపెట్టండి. గోడకు ఆనుకుని కూలీలను, సామగ్రిని మోసే తాత్కాలిక లిఫ్టు ఉన్నంతకాలం ఆ నిలువు పట్టీలో అద్దం పడదు. ఆ ఖాళీ మూతపడితే బయటి పని దాదాపు ముగిసినట్టే.