పిల్లల పుట్టినరోజు పార్టీ ఇంట్లోనే ఎలా చేయాలి?

పిలుపులో సాయంత్రం ఆరింటికి అని ఉంటుంది. స్కూలు స్నేహితులు ఆరుంబావుకల్లా వచ్చి కూర్చుంటారు. చుట్టాలు ఏడున్నరకు మొదలవుతారు. "పెదనాన్న వాళ్లు దారిలో ఉన్నారట, వాళ్లొచ్చాకే కేక్" అని ఎవరో తీర్మానిస్తారు. ఎనిమిదిన్నరకు చాకు చేతికిచ్చేసరికి పాప కళ్లు నులుముకుంటూ ఉంటుంది, కొత్త గౌను మెడ దగ్గర గుచ్చుకుంటూ ఉంటుంది, ఫొటోగ్రాఫరేమో "ఇటు చూడమ్మా, నవ్వమ్మా" అంటూ ఉంటాడు. మన ఇళ్లలో పార్టీలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. పిల్లల పండగను తీసుకెళ్లి పెద్దల తీరికకు ముడిపెడతాం.

కింద రాసిందంతా ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కోసం, మామూలు రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లోనో అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదో చేసుకునే పార్టీ గురించి. మొదటి పుట్టినరోజు లెక్క వేరు. అది అమ్మానాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు చేసుకునే పండగ. బిడ్డ నిద్ర టైము తప్పించి పెట్టుకుని, కేక్ దగ్గర అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టి జడిపించకుండా ఉంటే అంతే చాలు.

ముందు వేడుకను రెండుగా చేయండి

పుట్టినరోజు పొద్దున్నే తలంటు పోసి, కొత్త బట్టలు వేసి, గుడికి తీసుకెళ్లి, వచ్చాక పీట మీద కూర్చోబెట్టి అక్షింతలు వేసి హారతివ్వడం చాలా ఇళ్లలో ఉన్నదే. చుట్టాలను ఆ పూటకు పిలవండి. పరమాన్నంతో మధ్యాహ్నం భోజనం పెట్టండి. మేనత్తలు, బాబాయిలు బిడ్డను తీరిగ్గా ముద్దు చేసుకుంటారు. ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్లకు ఆ ప్రార్థనే పెద్దల పూట. సాయంత్రం మాత్రం పూర్తిగా పిల్లలకు వదిలేయండి.

తిథి ప్రకారం చేసే ఇళ్లకు ఇంకా సులువు. తిథి, తేదీ ఒకే రోజు పడటం అరుదు కాబట్టి తిథి నాడు చుట్టాలు, తేదీకి దగ్గర్లో వచ్చే శనివారమో ఆదివారమో స్నేహితులు.

ఇందులో ఇంకో లాభం ఉంది. పుట్టినరోజు పూట దీపం ఆర్పడమేంటని నొచ్చుకునే నానమ్మలుంటారు. పొద్దున్న ఆవిడ చేతే దీపం పెట్టించి హారతి ఇప్పిస్తే సాయంత్రం కొవ్వొత్తి గురించి పెద్దగా పట్టించుకోరు. అయినా వద్దంటే కొవ్వొత్తి మానేసి కేక్ మీద అంకె బొమ్మ గుచ్చండి, పోయేదేమీ లేదు.

రోజు, టైము

స్కూలు క్యాలెండర్ చూడకుండా రోజు ఖాయం చేయకండి. ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల వారమైతే సగం మంది తల్లులు పంపరు. దసరా, సంక్రాంతి సెలవుల్లో పిల్లలు ఊళ్లకెళ్లి ఉంటారు. ఏప్రిల్ ఆఖర్లో, మేలో పుట్టినవాళ్ల కష్టం అందరికంటే ఎక్కువ. స్నేహితులంతా అమ్మమ్మగారిళ్లలో ఉంటారు, పైన ఎండ మాడ్చేస్తూ ఉంటుంది. వాళ్లకు అసలు రోజున ఇంట్లో పాయసం, పార్టీ మాత్రం జూన్ 12 ప్రాంతంలో స్కూళ్లు తెరిచాక. ముందే చెప్పి ఉంచితే, రెండు పుట్టినరోజులొచ్చాయని ఊరంతా చెప్పుకుని తిరుగుతారు.

నాలుగున్నర నుంచి ఏడు వరకు పెట్టుకోండి. రెండున్నర గంటలు ఈ వయసుకు ధారాళం. మూడు గంటలు దాటితే ఎవరో ఒకరు కొట్టుకుంటారు, ఎవరో ఒకరు ఏడుస్తారు.

ఎవరిని పిలవాలి?

క్లాసు మొత్తాన్ని పిలవాల్సిన పని లేదు. పుట్టినరోజు నాడు కలర్ డ్రెస్ వేసుకెళ్లి అందరికీ చాక్లెట్లు పంచే ముచ్చట స్కూల్లోనే తీరిపోతుంది. చాలా స్కూళ్లు తినేవి పంచొద్దంటున్నాయి, పెన్సిళ్లు పంచినా సరిపోతుంది. ఇంటికి పది, పన్నెండు మంది చాలు. పేర్లు బిడ్డనే చెప్పమనండి. మీరు అనుకోని పేర్లు వస్తాయి, మీరు తప్పకుండా ఉండాలనుకున్న మీ స్నేహితుల పిల్లలు ఆ జాబితాలో ఉండకపోవచ్చు కూడా. రోజూ కింద సెల్లార్లో కలిసి ఆడుకునే వాచ్‌మన్ కొడుకునో కూతురునో మర్చిపోకండి. ఆ బిడ్డ గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే లోపల ఎంత ఖర్చు పెట్టినా దండగే.

పిలుపును క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, విడివిడిగా పంపండి. పదిహేను రోజుల ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఇంకోసారి. అందులో ముగింపు టైము ఉండి తీరాలి:

"మా పాప ఆరో పుట్టినరోజు. శనివారం సాయంత్రం నాలుగున్నరకు మా ఇంటికి పంపండి, ఏడింటికి వచ్చి తీసుకెళ్లండి. టిఫిన్, కేక్ ఉంటాయి, కేక్‌లో గుడ్డు ఉండదు. బాబుకు పడని తిండి ఏదైనా ఉంటే చెప్పండి. తమ్ముడో చెల్లో కూడా వస్తుంటే ముందే చెప్పండి, సంతోషం."

చివరి రెండు వాక్యాలు రాయడానికి మొహమాటపడకండి. వేరుశనగలు పడని పిల్లలుంటారు, జైనుల ఇళ్ల పిల్లలుంటారు, పన్నెండు మందిని పిలిస్తే పందొమ్మిది మంది రావడమూ ఉంటుంది.

ఇల్లు సర్దడం

హాల్లోంచి టీపాయ్, గాజు సామాను తీసేయండి. బాల్కనీ తలుపుకు గడియ పెట్టండి. టెర్రస్ మీదైతే నీళ్ల ట్యాంకు మూత, పిట్టగోడ చూసుకోండి, గోడ పక్కన ఎక్కడానికి వీలుగా కుర్చీలు, ఇటుకలు ఉండకూడదు. ఇంకెవ్వరికీ ఏ పనీ చెప్పకపోయినా ఒక పెద్ద మనిషికి మాత్రం "నీ డ్యూటీ ఈ గోడ" అని చెప్పి కూర్చోబెట్టండి. అసోసియేషన్‌కు, కింది ఫ్లాట్ వాళ్లకు ముందే ఓ మాట చెప్పండి.

బిడ్డ ఎవరికీ ఇవ్వననే బొమ్మలు రెండో మూడో ఉంటాయి. వాటిని పార్టీకి ముందే తనతోనే బీరువాలో పెట్టించి తాళం వేయండి. "నీ బొమ్మే కదా, కాసేపు ఇవ్వు" అని పది మంది ముందు పుట్టినరోజు బిడ్డను ఒప్పించే ప్రయత్నం ఏ ఇంట్లోనూ ఫలించినట్టు లేదు.

అలంకరణకు బంతిపూల దండ, రంగు కాగితాల తోరణాలు, రెండు డజన్ల బెలూన్లు చాలు. 2022 జులై 1 నుంచి దేశమంతటా అలంకరణకు థర్మాకోల్, బెలూన్లకు ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధం. షాపులో ఇచ్చినా తీసుకోకండి. విస్తరాకు ప్లేట్లు, ఇంట్లో స్టీలు గ్లాసులు హాయిగా సరిపోతాయి. ముప్పావు గోడంత ఫ్లెక్సీ, అందులో బిడ్డ పక్కన పులి బొమ్మ, బంధువులందరి ఫొటోలు... మీ ఇష్టం, పిల్లలు మాత్రం అటు చూడరు.

బెలూన్లతో జాగ్రత్త. పగిలిన ముక్కలు, ఊదని బెలూన్లు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆ ప్రమాదం ఉందని ప్యాకెట్ల మీదే రాస్తారు. పగలగానే ముక్కలు ఏరేయండి. పిల్లలను ఊదనివ్వకండి, చేతి పంపు కొనుక్కోండి. గాల్లో తేలే బెలూన్లు కావాలంటే హీలియం నింపినవే అడగండి. చవగ్గా వచ్చేవాటిలో హైడ్రోజన్ ఉండొచ్చు, కొవ్వొత్తి దగ్గరకొస్తే భగ్గుమంటుంది. స్నో స్ప్రే అసలు ఇంట్లోకి రానివ్వకండి. ఆ డబ్బాలో నురగను బయటికి నెట్టేది చాలావాటిలో మండే గ్యాసే. సరిగ్గా కేక్ మీద కొవ్వొత్తి వెలుగుతున్నప్పుడే మామయ్యల్లో ఎవరికో ఒకరికి దాన్ని కొట్టాలనిపిస్తుంది.

తిండి

పిల్లలు తక్కువ తింటారు, ఎక్కువ తాగుతారు. మినీ ఇడ్లీలు, చిన్న సమోసాలు లేదా పునుగులు, బంగాళాదుంప చిప్స్, కోసిన పండ్లు, ఒక స్వీటు. కారం తగ్గించాలి, పచ్చిమిర్చి ముక్క తగలకూడదు. బిర్యానీ పెట్టాలనిపిస్తే అది తీసుకెళ్లడానికి వచ్చే పెద్దల కోసమే అనుకోండి. కూల్‌డ్రింకుల బదులు నిమ్మరసం, పల్చటి మజ్జిగ పెద్ద గిన్నెల్లో పోసి ఉంచితే ఆట మధ్యలో వచ్చి తాగి పోతారు. తమ్ముళ్లు, చెల్లెళ్లు వస్తే ఐదేళ్ల లోపు వాళ్లకు వేరుశనగలు, జీడిపప్పు, పాప్‌కార్న్ ఇవ్వకండి, ద్రాక్ష నిలువుగా చీల్చి ఇవ్వండి.

ఆటలే అసలు పార్టీ

ఇక్కడే మనవాళ్లు అశ్రద్ధ చేస్తారు. డెకరేషన్‌కు రెండు రోజులు వెచ్చించి, ఆటల సంగతి "పిల్లలే ఆడుకుంటారులే" అని వదిలేస్తారు. పన్నెండు మంది పిల్లలను ఖాళీగా వదిలితే పావుగంటలో మంచాల మీద గెంతుతుంటారు. ఆటలు ఆడించే మనిషిని ముందే ఎంచుకోండి. ఇంజనీరింగ్ చదివే బాబాయో, గొంతున్న పిన్నో అయితే ఇంకా మేలు. డబ్బిచ్చి పిలిచే యాంకర్ మైకు పట్టుకుంటే గోల పెరుగుతుందే కానీ ఆట సాగదు.

పిల్లలు ఒక్కొక్కరే వస్తారు కాబట్టి మొదటి అరగంట ఎప్పుడొచ్చినా కలిసిపోయే పని పెట్టండి. నేల మీద పెద్ద తెల్ల కాగితం పరిచి క్రేయాన్లు పడేస్తే వచ్చినవాళ్లు వచ్చినట్టు బొమ్మలేస్తారు. బిడియపడే పిల్లలకు ఇది చాలా మేలు. అందరూ చేరాక పరుగుల ఆటలు: టెర్రస్ మీదైతే నేల-బండ, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని నడిచే పందెం, హాల్లోనైతే కుర్చీలాట.

కుర్చీలాటలో ఒక చిక్కుంది. ఓడిన పిల్లలు ఒక్కొక్కరే పక్కకు వెళ్లి కూర్చుంటే ఆట అయ్యేసరికి పది మందికి తోచదు. అందుకే పాట ఆగినప్పుడు కుర్చీ దొరకని వాళ్లు అవుట్ కాకుండా, కుర్చీలు మాత్రం తగ్గిస్తూ పోండి. ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోవాలి. చివరి రెండు మూడు కుర్చీల దగ్గరికి వచ్చేసరికి నవ్వలేక చస్తారు. ప్లాస్టిక్ కుర్చీలు కాళ్లు విరుచుకుంటాయి, గట్టివి పెట్టండి.

తర్వాత కాస్త నెమ్మదించే ఆట కావాలి. వీరి వీరి గుమ్మడిపండుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఒకరి కళ్లు మూసి, "వీరి వీరి గుమ్మడిపండు, వీరి పేరేమి?" అని అడుగుతుంటే ముక్కు గిల్లి పోయింది ఎవరో చెప్పాలి. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఇది కొత్తగా ఉంటుంది, రెండు నిమిషాల్లో పట్టేస్తారు. అపార్ట్‌మెంట్లో హిందీ, తమిళం మాట్లాడే పిల్లలున్నా ఇబ్బంది లేదు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు రాజా-రాణి-దొంగ-పోలీస్ చీటీలు రాసిపెట్టండి, అడిగి అడిగి ఆడతారు.

ప్రతి ఆటకూ ఫస్ట్, సెకండ్ ప్రైజులు పెట్టకండి. ఐదేళ్ల పిల్లలకు ఓడిపోవడం ఇంకా చేతకాదు. అందరికీ తలో పిప్పరమెంటు ఇస్తే గొడవ ఉండదు. పుట్టినరోజు బిడ్డే అన్నీ గెలవాలని చాటుగా సాయం చేసే తల్లిదండ్రులుంటారు, పిల్లలకు అది ఇట్టే తెలిసిపోతుంది.

కేక్

అందరూ వచ్చి, ఒక విడత ఆటలయ్యాక, ఐదున్నర ఐదుముప్పావు మధ్య కోసేయండి. ఎవరి కోసమూ ఆగకండి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ముక్క తీసి ఉంచితే ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు. పన్నెండు మంది పిల్లలకు కిలో, పెద్దలు కూడా పది మంది ఉంటే కిలోన్నర తెప్పించండి. మూడంతస్తుల కేకులు చూడ్డానికే. ఎక్కువ భాగం చక్కెర పూత, లోపల నిలబెట్టడానికి పుల్లలు గుచ్చి ఉంటారు. అలాంటి కేక్‌లోకి బిడ్డ ముఖాన్ని నొక్కితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మామూలు కేకే అయినా ముఖానికి పూయడం మానిపించండి. క్రీమ్ కేకును కోసే పావుగంట ముందు వరకూ ఫ్రిజ్‌లోనే ఉంచాలి. దానికోసం ఫ్రిజ్‌లో ఒక అర పొద్దున్నే ఖాళీ చేసి, పెట్టె పట్టేంత ఎత్తు ఉందో లేదో కొలుచుకోండి. అగ్గిపెట్టె, చాకు, కాగితపు ప్లేట్లు ఒక పళ్లెంలో సర్దిపెట్టండి. ఎందుకో ఆ క్షణంలో ఏ ఇంట్లోనూ అగ్గిపెట్టె కనపడదు.

కేక్ తర్వాత టిఫిన్, ఆ తర్వాత దాగుడుమూతలో కథో. పిల్లలు అప్పటికే ఒకరికొకరు అలవాటై ఉంటారు కాబట్టి ఈ అరగంట మిమ్మల్ని వెతకరు.

రిటర్న్ గిఫ్ట్

పోయినసారి ఎవరో వాటర్ బాటిల్ ఇచ్చారు కాబట్టి మనం లంచ్ బ్యాగ్ ఇవ్వాలనే పోటీలోకి దిగకండి. తెలుగు బొమ్మల పుస్తకం ఒకటి, రంగు పెన్సిళ్లు ఒక పెట్టె ఇవ్వండి. 'మంచి పుస్తకం', ఎన్‌బీటీ (నేషనల్ బుక్ ట్రస్ట్), తులిక లాంటి ప్రచురణకర్తల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. చిన్న మట్టికుండీలో తులసి మొక్కో, మొలకెత్తిన మెంతులో ఇచ్చినా పిల్లలు ఇష్టంగా పట్టుకెళ్తారు. అందరికీ ఒకే రకం, ఒకే రంగు ఉండాలి. పింక్, బ్లూ అని రెండు రకాలు తెచ్చారంటే గుమ్మం దగ్గర పంచాయతీ మీదే. నాలుగైదు ఎక్కువ తెచ్చి ఉంచండి.

అందరూ వెళ్లాక

గిఫ్టులు అందరి ముందూ విప్పించకండి. రాత్రి విప్పుతూ ఎవరేమిచ్చారో ఒక కాగితం మీద రాసుకోండి. మర్నాడు పాప చేతే ఒక్కో స్నేహితురాలికి వాట్సాప్‌లో గొంతు రికార్డు చేయించి పంపండి: "నువ్విచ్చిన పజిల్ బాగుంది, రేపు ఆడదాం రా." మిగిలిన కేక్ ఆ రాత్రే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. వాచ్‌మన్‌కు, పనమ్మాయికి ప్లేట్లు కట్టి పంపేది చల్లారిన మిగుళ్లు కాకుండా ముందే తీసి పెట్టినవై ఉండాలి. సోఫా కింద బెలూన్ ముక్కలుంటాయి, పడుకునే ముందు ఒకసారి ఊడ్చేయండి.