సీఎంఎం పాఠాలు – 4: పార్టుకు అక్షాలు అమర్చడం

గత పాఠంలో సీఎంఎం (పార్టును తాకి కొలతలు తీసే కోఆర్డినేట్ మెజరింగ్ మెషిన్) ప్రోబ్‌ను, అంటే తాకే మొనను, గోళంపై క్యాలిబ్రేట్ చేశాం. ఇప్పుడు పార్టు బల్లపై బిగించి ఉంది. యంత్రానికి తన ఎక్స్, వై, జెడ్‌లు తెలుసు కానీ పార్టు ఎటు తిరిగి ఉందో తెలియదు. అది చెప్పడమే నేటి పని.

ఏ వస్తువైనా మూడు దిశల్లో జరగగలదు, మూడు అక్షాల చుట్టూ తిరగగలదు. ఈ ఆరింటినీ లెక్కలో కట్టేసేదే 3-2-1 పద్ధతి. రెండు రంధ్రాలున్న ఒక దీర్ఘచతురస్రపు దిమ్మె తీసుకుందాం. డ్రాయింగులో పై ముఖం డేటమ్ (కొలతలకు ఆధారంగా తీసుకునే ముఖం) ఏ, పొడవైన పక్క బి, పొట్టి పక్క సి. ఏ మీద మూడు బిందువులు తాకితే జెడ్ దిశ, జెడ్ సున్నా ఖాయమవుతాయి. బి మీద రెండు తాకి, వాటిని ఏ తలంపైకి ప్రక్షేపించి గీసిన రేఖతో ఎక్స్ దిశ, వై సున్నా దొరుకుతాయి. ఎక్స్ సున్నాకు సి మీద ఒక్క బిందువు చాలు.

మూడు అంటే కనీసం మూడని. సరిగ్గా మూడే తాకితే సమతల దోషం 0.000 అని తెర మీద కనిపిస్తుంది. మురిసిపోకండి, ఏ మూడు బిందువుల గుండానైనా ఒక తలం పోతుంది! ఎనిమిది తాకి చూడండి, ముఖం అసలు రంగు బయటపడుతుంది.

రేఖ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. రెండు బిందువుల మధ్య దూరం 20 మి.మీ. మాత్రమే ఉండి, ఒకదాని కింద 0.01 మి.మీ. రజను ఉందనుకోండి. 200 మి.మీ. దూరంలోని రంధ్రం దగ్గరికి వచ్చేసరికి అది 0.1 మి.మీ. తప్పవుతుంది. అందుకే బిందువులను పక్క రెండు చివర్లకూ జరపాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో మొదటి బిందువు నుంచి రెండోదాని వైపే రేఖ దిశ. తారుమారైతే ఎక్స్ గుర్తు తిరగబడుతుంది.

అందుబాటుగా ఉందని ముందు బి ముఖం తాకేవారున్నారు. ముఖాలు అచ్చంగా లంబంగా ఉండవు కాబట్టి, వరుస మారితే రంధ్రాల స్థానాలూ మారతాయి. డ్రాయింగులో ఏ వరుస ఉంటే అదే శాసనం.

చేత్తో తాకినవి ఉజ్జాయింపు మాత్రమే. అవే ముఖాలను యంత్రం చేత తిరిగి తాకించి, అలా వచ్చిన అక్షాలనే నిలుపుకోండి.

అభ్యాసం: రంధ్రాల కేంద్రాలు రాసుకుని, దిమ్మెను బల్లపై సుమారు 30 డిగ్రీలు తిప్పి, మొదటి నుంచి మళ్లీ అమర్చండి. రెండు లెక్కలూ మీ యంత్రం పునరావృత పరిమితిలో (ఒకే కొలతను మళ్లీ మళ్లీ తీస్తే వచ్చే తేడాలో) కలవకపోతే, ముందుగా బి రేఖను అనుమానించండి. సి స్థానంలో రంధ్రం ఉంటే ఏం చేయాలో వచ్చే పాఠంలో చూద్దాం.