పేరు నమోదు కాని మెయింటెయినర్: సమస్య - పరిష్కారం

1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడివడి ఒడిశాలో కలిసిన పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ఒడియా బడిలో చదువుకుంటారు. అందుచేత వారిలో కొందరు తెలుగు మాటను కూడా ఒడియా లిపిలోనే రాస్తారు. అటువంటి రాతను తెలుగు లిపిలోకి మార్చే ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును, అంటే కోడును ఎవరైనా చూసి వాడుకోగల ప్రాజెక్టును, మేము ఆరుగురం జీతం లేకుండా నడుపుతున్నాము. ఇలా ప్రాజెక్టును గాని, అందులో ఒక భాగాన్ని గాని చూసుకునేవారినే మెయింటెయినర్ అంటారు. పనిచేసినవారికి దక్కవలసిన గుర్తింపు దక్కని సందర్భాలు మాలో ఎలా తలెత్తాయో, వాటిని ఎలా సరిచేసుకున్నామో ఇక్కడ రాస్తున్నాను.

లక్షణం: ఏడాదంతా పనిచేసిన మనిషి పేరు జాబితాలో లేదు

ఒడియా లిపిలో ఎకారానికి, ఒకారానికి హ్రస్వ దీర్ఘ భేదం లేదు. 'నెల' అన్నా 'నేల' అన్నా అక్కడ రాత ఒకటే. 'కొన', 'కోన' సంగతీ అంతే. ఏది ఏదో వాక్యాన్ని చూసి మనిషే తేల్చాలి. గుణుపురంలోని ఒక ఉపాధ్యాయిని బడి వదిలాక రోజుకు నలభై మాటల చొప్పున గీతల నోటుపుస్తకంలో రాసి, దీర్ఘం రావలసిన చోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, పేజీని ఫొటో తీసి వాట్సాప్‌లో నాకు పంపేవారు. నేను వాటిని టైపు చేసి, ఫైళ్లలో జరిగే మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో కమిట్ చేసేవాణ్ణి, అంటే మార్పుగా నమోదు చేసేవాణ్ణి. ఏడాది చివర ఎవరి పేరున ఎన్ని కమిట్లు ఉన్నాయో చూపే షార్ట్‌లాగ్ ఆదేశం గిట్‌లో ఇచ్చి చూస్తే, మొదటి వరుసలో నా పేరు ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు.

కారణం వెతకగా తప్పు నాదేనని తేలింది. గిట్ ప్రతి కమిట్‌లోనూ రాసినవారి పేరును, కమిట్ చేసినవారి పేరును విడివిడిగా దాచుతుంది. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే రెండు చోట్లా కీబోర్డు ముందు కూర్చున్నవారి పేరే పడుతుంది. షార్ట్‌లాగ్ మామూలుగా లెక్కించేది మొదటి పేరును. పని ఆమెది, లెక్క నాది అయింది.

ఇప్పుడు ఆమె పంపిన పేజీని ఎక్కించేటప్పుడు కమిట్ ఆదేశానికి 'ఆథర్' అనే ఐచ్ఛికాన్ని జోడించి ఆమె పేరు, ఈమెయిల్ ఇస్తున్నాము. ఇద్దరు కలిసి చేసిన పని అయితే కమిట్ సందేశం చివర 'కో-ఆథర్డ్-బై' అనే వరుస రాస్తే, కోడును ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ సైటు ఇద్దరి పేర్లనూ చూపుతుంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్ ప్రాజెక్టులో లోపాన్ని తెలిపినవారికి 'రిపోర్టెడ్-బై', పరీక్షించినవారికి 'టెస్టెడ్-బై', సమీక్షించినవారికి 'రివ్యూడ్-బై' అని వేర్వేరు వరుసలు రాసే ఆచారం ఉంది. మేము దానినే అనుసరిస్తున్నాము, ఎందుకంటే మా పనిలో కోడు రాయడం కంటే మాటలు సరిచూడడమే ఎక్కువ. పాత కమిట్లను మాత్రం తిరగరాయవద్దు. అలా చేస్తే అందరి దగ్గర ఉన్న ప్రతులతో చరిత్ర పొంతన తప్పుతుంది. పాత పనికి గుర్తింపుగా కృతజ్ఞతల ఫైలులో ఎవరు ఏ పని చేశారో పూర్తి వాక్యాలలో రాశాము. ఆమె పేరు పక్కన 'దీర్ఘాల పట్టిక' అని ఉంది.

అనువాదకులకైతే, లినక్స్‌పై వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ అనువర్తనాల పద్ధతి నాకు నచ్చుతుంది. అనువాదాలు ఉండే పీఓ ఫైలులో 'ట్రాన్స్‌లేటర్-క్రెడిట్స్' అనే చోట అనువాదకులు తమ పేర్లు రాసుకుంటే, అవి ఆ అనువర్తనం వివరాలు చూపే కిటికీలో వాడుకరులందరికీ కనిపిస్తాయి.

లక్షణం: ఒకే మనిషి రెండు పేర్లతో కనిపిస్తున్నారు

మా వైపు ఇది మామూలే. ఇంట్లో ఇంటిపేరు ముందు వస్తుంది, బడి రికార్డులో చివరికి పోతుంది, ఒడియాలో రాసి మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చేసరికి అక్షరాలు కూడా మారతాయి. దానికి తోడు ఈమెయిల్ మారితే గిట్ వారిని ఇద్దరుగా లెక్కిస్తుంది. ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే రిపోజిటరీ మొదటి ఫోల్డరులో 'మెయిల్‌మ్యాప్' ఫైలు పెట్టి, పాత పేరుకు, పాత ఈమెయిల్‌కు ఎదురుగా సరైనవి రాస్తే షార్ట్‌లాగ్ ఆ రెంటినీ కలిపి చూపుతుంది. అయితే ఏది సరైన పేరో మనం ఊహించకూడదు, వారినే అడగాలి.

లక్షణం: మెయింటెయినర్ మాటలు తగ్గించి, చివరకు మౌనం వహించారు

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. మా ఆండ్రాయిడ్ రిలీజులు చూసే రాయగడ మిత్రుడు మూడు నెలలు జవాబివ్వలేదు. యాప్ మా నుంచే వచ్చిందని రుజువు చేసే డిజిటల్ సంతకపు కీ ఆయన ల్యాప్‌టాప్‌లోనే ఉంది. అదే కీతో సంతకం చేయకపోతే ఫోన్లలో ఉన్న యాప్ కొత్త వెర్షన్‌ను అంగీకరించదు. చివరకు బస్సెక్కి వెళ్లి ఆయన సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో కూర్చున్నాను. ఆయన చేతిలోని ఫోను పక్కన పెట్టి, "అన్నయ్యా, ఏడాదిగా నాకొచ్చినవన్నీ ఎప్పుడిస్తావని అడిగినవే. పనిచేస్తోందని ఒక్కరూ రాయలేదు" అన్నారు.

ఇటువంటి అలసట ఎంత దూరం పోగలదో ఎక్స్‌జెడ్ ఉదంతం చూపింది. ఎన్నో లినక్స్ వ్యవస్థలలో ఉన్న ఆ కుదింపు సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి ప్రధానంగా ఒక్కరే జీతం లేకుండా చూసుకునేవారు. మార్పులు ఆలస్యమవుతున్నాయని, బాధ్యత వేరేవారికి అప్పగించాలని 2022లో ఆయనపై ఒత్తిడి పెరిగింది. సాయం పేరుతో చేరి నమ్మకం సంపాదించిన మరొక ఖాతా నుంచి 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి, కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడేందుకు వీలిచ్చే దొంగదారి చేరింది. రిమోట్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని గమనించి ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ మార్చి 29న దానిని బయటపెట్టారు. ఒంటరిగా మోస్తున్న మనిషిని నిలదీసేవారే గాని భుజం మార్చుకునేవారు లేకపోవడం ఆ దారి తెరుచుకోవడానికి ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే గుర్తింపు అంటే ధన్యవాదాలతో పాటు విశ్రాంతిని కూడా ఇవ్వాలని నిశ్చయించుకున్నాము. కీ ప్రతి ఒకటి ఇప్పుడు నమ్మకమైన రెండో మనిషి దగ్గర ఉంది. 'ఎప్పుడిస్తారు' అనే ప్రశ్నలకు మెయింటెయినర్‌కు బదులు వంతులవారీగా మిగతావారు జవాబిస్తారు. ఎవరైనా సెలవు కోరితే కారణం అడగము. లినక్స్ మెయింటెయినర్ల ఫైలులో ఒక భాగాన్ని అప్పుడప్పుడు మాత్రమే సరిచేస్తుంటే దాని స్థితిని 'ఆడ్ ఫిక్సెస్' అనీ, చూసుకునేవారు లేకపోతే 'ఆర్ఫన్' అనీ నిజాయితీగా రాస్తారు. మేమూ అలా రాయడం మొదలుపెట్టాము. తప్పుకున్నవారిని కుబర్నెటీస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో 'ఎమెరిటస్' (గౌరవ విశ్రాంతులు) అనే శీర్షిక కింద ఉంచినట్లే, మా ఫైలులోనూ వారి పేరు చెరపము.

లక్షణం: బహుమతి ఇచ్చాక జట్టులో ముఖాలు మాడిపోయాయి

ఎవరికి, ఏ పనికి ఇస్తారో ముందుగా రాసి పెట్టకపోవడమే కారణం. డబ్బు చిన్నదైనా ఓపెన్ కలెక్టివ్ వంటి సైటులో జమాఖర్చు అందరికీ కనిపించేలా ఉంచండి, ప్రయాణ ఖర్చు, డేటా ఖర్చు వంటివి ముందు తీర్చండి. జ్ఞాపిక సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

లక్షణం: పేరు వేస్తామంటే వద్దంటున్నారు

వినయమని కొట్టిపారేయకండి. ఉద్యోగ నిబంధనలు ఉండవచ్చు, ఇంట్లో తెలియడం ఇష్టం లేకపోవచ్చు; పైగా కమిట్‌లో ఒకసారి పడిన ఈమెయిల్‌ను తర్వాత తీసివేయడం కష్టం. అందుకే ఎవరైనా పంపిన మొదటి ప్యాచ్ (మార్పు) తీసుకునేటప్పుడే పేరు వేయమంటారా, ఏ లిపిలో, ఏ వర్ణక్రమంతో, ఏ ఈమెయిల్‌తో అని అడుగుతున్నాము. మా ఫైలులో ఒక వరుసలో 'బరంపురం పాఠకుడు' అని మాత్రమే ఉంది. ఆయన ఎప్పుడు మార్చమంటే అప్పుడు మారుస్తాము.