మీ ఫుట్‌బాల్ టీమ్ జనరల్ మేనేజర్ (జీఎమ్)ది ఓపికా, కాలక్షేపమా? గొడవపడే ముందు ఇలా చూసుకోండి

2022 థ్యాంక్స్‌గివింగ్ రోజు మిషిగన్‌లోని నోవైలో మా ఇంట్లో పదిమందిమి టీవీ ముందు కూర్చున్నాం, అమెరికన్ ఫుట్‌బాల్‌లో మా డెట్రాయిట్ లయన్స్‌కి బఫలో బిల్స్‌తో మ్యాచ్, మనవాళ్లు 25-25 సమం చేశారు, ఇంక 23 సెకన్లే ఉన్నాయి, ఓవర్‌టైమ్ ఖాయం అనుకుని మా ఆవిడ టీ పెట్టడానికి లేచింది. తను స్టవ్ వెలిగించేలోపే బిల్స్ క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరేవాడు) జాష్ ఆలెన్ ఒక్క పాస్‌లో తోటి ఆటగాడు డిగ్స్‌కి 36 గజాలు వేసేశాడు, ఫీల్డ్ గోల్ (కాలితో తన్ని తెచ్చే మూడు పాయింట్లు) కొట్టారు, 28-25, అయిపోయింది. మా బావ రిమోట్ సోఫాలో పడేసి "ఇంకెన్నాళ్లు బామ్మర్దీ ఈ ఓపిక, ముందు ఆ జీఎమ్‌ని పీకేయాలి" అన్నాడు. నేను వద్దన్నా. బిర్యానీ చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. ఆ రోజు నేను పట్టుకున్న పద్ధతే రాస్తున్నా, ఏ టీమ్ ఫ్యాన్‌కైనా పనికొస్తుంది.

ముందు ఎవరి పని ఏంటో విడదీసుకోండి. నాలుగో డౌన్‌లో (పది గజాలు దాటడానికి దొరికే చివరి ప్రయత్నంలో) రిస్క్ చేయాలా వద్దా అనేది కోచ్ పని, ఆ డౌన్ ఆడే మనుషుల్ని తెచ్చేది జీఎమ్. ఆదివారం ఓడిపోయిన కోపం అంతా జీఎమ్ మీద పోస్తే లెక్క తప్పుతుంది, ఆయన పని ఫలితం రెండు మూడేళ్లకి గానీ తేలదు.

తర్వాత ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పోయినవి, కుడివైపు వచ్చినవి. మాకైతే బ్రాడ్ హోమ్స్ 2021 జనవరిలో వచ్చాడు, జీఎమ్‌గా రాగానే చేసిన పెద్ద పని మా క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ని లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి ఇచ్చేయడం. కాబట్టి ఎడమవైపు స్టాఫర్డ్, కుడివైపు వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్, 2021 మూడో రౌండ్ పిక్, 2022, 2023 ఫస్ట్ రౌండ్ పిక్‌లు (పిక్ అంటే డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు పంచుకునేటప్పుడు, ఎంచుకునే వంతు). చాలామంది ఇక్కడే ఆపేసి "స్టాఫర్డ్ వెళ్లిన ఏడాదే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) కొట్టాడు, మనం మోసపోయాం" అంటారు. ఆపకండి, ఆ పిక్‌లు ఎటు పోయాయో దారం పట్టుకుని వెళ్లండి.

గెలిచిన టీమ్‌కి ఫస్ట్ రౌండ్‌లో ఆఖరి వంతు, రామ్స్ గెలిచారు కాబట్టి 2022 పిక్ 32వది అయింది, దానికి ఇంకో రెండు పిక్‌లు కలిపి మిన్నెసోటా వైకింగ్స్‌కి ఇచ్చి 12వ పిక్, 46వ పిక్ తెచ్చుకున్నాడు, 12తో వైడ్ రిసీవర్ (పాస్‌లు పట్టేవాడు) జేమ్సన్ విలియమ్స్ వచ్చాడు. మరుసటి సీజన్‌లో రామ్స్ 5-12తో (5 గెలుపులు, 12 ఓటములు) మునిగారు, అప్పుడు మన చేతిలో ఉన్న వాళ్ల 2023 పిక్ 6వది అయింది. అక్కడ మెరిసే పేరు కోసం ఎగబడకుండా అరిజోనాతో డీల్ చేసి 12కి దిగాడు, దిగినందుకు 34వ పిక్ కూడా వచ్చింది. 12తో రన్నింగ్ బ్యాక్ (బాల్ పట్టుకుని పరిగెత్తేవాడు) గిబ్స్, 34తో టైట్ ఎండ్ (అడ్డుకుంటూనే పాస్‌లూ పట్టేవాడు) లాపోర్టా. రన్నింగ్ బ్యాక్‌ని 12లోనా అని ఆ రాత్రి ఎంత తిట్టారో, నాకూ మింగుడుపడలేదు, కానీ ఆ ఏడాదే లాపోర్టా 86 క్యాచ్‌లు పట్టాడు, రూకీ (మొదటి ఏడాది ఆడే) టైట్ ఎండ్‌కి అప్పటికి అదే రికార్డు. కుడివైపు ఇలా నిండుతూ ఉంటే ఓడిపోతున్నా సరే అది ఓపికే.

ఎలా ఓడుతున్నారో కూడా చూడండి. 2021లో మావాళ్లు 3-13-1 (చివరి ఒకటి సమం), కాగితం మీద చెత్త. కానీ అందులో బాల్టిమోర్ కిక్కర్ జస్టిన్ టకర్ 66 గజాల నుంచి కొట్టిన కిక్ ఉంది, బాల్ క్రాస్‌బార్‌కి తగిలి అవతల పడింది, 19-17తో ఓడాం. పదకొండు మ్యాచ్‌ల దాకా ఒక్క గెలుపు లేదు. డిసెంబర్ 5న వైకింగ్స్ మీద చివరి ప్లే, టైమ్ సున్నా, గాఫ్ విసిరిన బాల్‌ని ఎండ్ జోన్‌లో పట్టింది ఎవరు? నాలుగో రౌండ్‌లో 112వ పిక్‌గా వచ్చిన కుర్రాడు ఆమన్-రా సెయింట్ బ్రౌన్. ఓడే టీమ్‌లో ఎవరు ఎదుగుతున్నారన్నదే చూడాలి, వయసైపోయిన వెటరన్స్‌తో నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే లాభం లేదు.

ఓపిక పేరు చెప్పి ఏళ్లు గడిపేయడం కూడా ఉంటుంది, అది డెట్రాయిట్‌కి తెలిసినంత ఎవరికీ తెలీదు. టీమ్ ప్రెసిడెంట్ మాట్ మిలెన్ చేతిలో టీమ్ 2001 నుంచి 2008 దాకా ఉంది, 31 గెలుపులు, 84 ఓటములు. 2003, 2004, 2005 మూడేళ్లూ ఫస్ట్ రౌండ్‌లో మొదట తీసుకున్నది వైడ్ రిసీవర్‌నే. 2008 సీజన్ మొదట్లోనే ఆయన్ని తీసేశారు, ఆ ఏడాది టీమ్ 0-16. కాబట్టి నా లెక్క ఇది: మూడు డ్రాఫ్ట్‌లు అయ్యాక ఆ పిక్‌లలో స్టార్టర్లు (మ్యాచ్ మొదటి నుంచి ఆడేవాళ్లు) ఎందరో లెక్కపెట్టండి, ముగ్గురు నలుగురు కూడా లేకపోతే మీ బావే కరెక్టు, పీకేయమనండి.

రూకీ కాంట్రాక్టుల లెక్క మర్చిపోవద్దు. ఫస్ట్ రౌండ్ కుర్రాడు నాలుగేళ్లు తక్కువ జీతానికి ఆడతాడు, క్లబ్ కావాలంటే ఐదో ఏడాది ఉంచుకోవచ్చు, ఆ తర్వాత అసలు డబ్బు పెట్టాలి. ఓపికకి గడువు అదే. 2024లో సువెల్, సెయింట్ బ్రౌన్, గాఫ్ ముగ్గురికీ పెద్ద కాంట్రాక్టులు ఇచ్చాడు హోమ్స్, అంటే దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టే టైమ్ వచ్చేసింది. ఇక నుంచి "ఇంకా రెండేళ్లు ఆగుదాం" అనే మాట ఆయనకి చెల్లదు, 15-2 సీజన్ తర్వాత సొంత గ్రౌండ్‌లో వాషింగ్టన్ చేతిలో 45-31 ఓడినప్పుడు నేను కూడా గట్టిగానే అడిగాను, డిఫెన్స్ ఆటగాడు హచిన్సన్ కాలు విరిగాక పాస్ రష్ (ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకేవాళ్లు) మీద ఇంకా ఎక్కువ పెట్టాల్సింది అని.

వాదించేటప్పుడు ఒక్కటే ప్రశ్న అడగండి, "తీసేసి ఎవర్ని పెడతావ్, ఆయన మొదట ఏం చేస్తాడు?" జవాబు ఉంటే వినండి. లేకపోతే అది బాధ, లెక్క కాదు, దాన్ని లెక్కలతో కొట్టకండి. మా బావ 1990ల చివర్లో మిషిగన్ వచ్చాడు, అప్పటికి లయన్స్ చివరిగా ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్ గెలిచింది 1992 జనవరిలో. ఇన్నేళ్లు చూసిన మనిషికి "నిదానమే ప్రధానం" అంటే ఎలా ఉంటుంది? ఆయన "ఆలస్యం అమృతం విషం" అని తిరిగి అన్నాడు, ఆ మాటకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

2024 జనవరి 14న స్టాఫర్డ్ రామ్స్‌తో ప్లేఆఫ్ ఆడటానికి మా గ్రౌండ్ ఫోర్డ్ ఫీల్డ్‌కి వచ్చాడు, మనం 24-23తో గెలిచాం. గాఫ్ మోకాలు ఆనించి గడియారం కరిగిస్తుంటే బావ సోఫా మీంచి లేవలేదు, రిమోట్ రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నాడు, కాసేపటికి "ఆ కాగితం ఇంకా ఉందా?" అని అడిగాడు.