కేసు కాగితం చదవడం నేర్చుకుందాం
4వ పాఠం: రాజీ అయింది, మరి కేసు పోయిందా?

కిందటి పాఠంలో మీ కాగితం మీద నంబరుకు ముందు ఏ అక్షరాలున్నాయో రాసుకోమన్నాను. డీవీసీ అని ఉంటే అది 2005 గృహహింస చట్టం కింద భార్య వేసిన దరఖాస్తు: రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు అడగడానికి. అందులో భర్త ప్రతివాదే, ముద్దాయి కాడు. రక్షణ ఉత్తర్వును మీరితే మాత్రం నేరం. ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా. క్రైమ్ నంబరు (స్టేషన్‌లో ఎఫ్ఐఆర్‌కి ఇచ్చేది), సీసీ నంబరు (క్రిమినల్ కోర్టులో కేసుకి ఇచ్చేది) ఉన్నాయంటే వ్యవహారం వేరు. మనం చూస్తున్నది ఆ రకంలో 498ఏ, అంటే భర్త, అతని బంధువులు భార్యను వేధించారన్న కేసు. 2024 జులై 1 నుంచి కొత్త భారతీయ న్యాయ సంహితలో అదే 85వ సెక్షన్.

నాంపల్లి కోర్టు బయట చాయ్ బండి దగ్గర ఒకబ్బాయి నా చేతిలో కవరు పెట్టాడు. "మాది రాజీ అయిపోయింది సార్, అయినా పోలీస్ క్లియరెన్స్ ఇవ్వట్లేదు" అన్నాడు. వీసాకి కావాలట. కవర్లో వంద రూపాయల బాండు పేపరు, పెద్దమనుషుల సంతకాలు, డబ్బు ముట్టినట్టు రసీదు, విడాకుల డిక్రీ జిరాక్సు. అన్నీ అసలైనవే, కానీ ఒక్కదాని మీదా సీసీ నంబరు లేదు. ఫ్యామిలీ కోర్టు విడాకులిచ్చిన సంగతి క్రిమినల్ కోర్టుకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అక్కడ వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. ఇతను వెళ్లకపోయేసరికి వారెంటు కూడా పడింది.

ఎఫ్ఐఆర్ అయ్యాక "కేసు వాపసు తీసుకుంటున్నా" అని స్టేషన్‌లో రాసిస్తే సరిపోదు. ఆధారాల్లేవని పోలీసులు తుది నివేదిక వేసి దాన్ని కోర్టు ఒప్పుకోవాలి, లేదా విచారణ జరిగి కేసు కొట్టేయాలి, లేదా హైకోర్టు క్వాష్ (రద్దు) చేయాలి. పాత కేసులకు మన దగ్గర ఇంకో దారి ఉంది. ఉమ్మడి రాష్ట్రం 2003లో సీఆర్పీసీని (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టాన్ని) సవరించి, కోర్టు అనుమతితో 498ఏలో రాజీకి వీలిచ్చింది. అది పాత చట్టానికి చేసిన సవరణ కాబట్టి, 2024 జులై తర్వాతి కేసులో దాన్ని నమ్ముకుని కూర్చోవద్దంటాను.

క్వాష్ అంటే నయాపూల్ దగ్గరి హైకోర్టులో వేసే క్రిమినల్ పిటిషన్. సీఆర్పీసీలో అది 482వ సెక్షన్, దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 528. భార్యాభర్తల గొడవ నిజంగా సమసిపోతే హైకోర్టు కేసు కొట్టేయవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. భార్య తనకు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. ఇక్కడ చెల్లెళ్లకో మాట. చివరి విడత డీడీ చేతికి రాకుండా ఆ అఫిడవిట్ మీద సంతకం పెట్టకండి. మీకు లాయర్ని కూడా అటువైపువాళ్లను పెట్టనివ్వకండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.

ఆర్డరు వచ్చిన రోజు స్వీట్లు పంచుతారు గానీ సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టరు! మూడు తీసుకోండి. ఒకటి కింది కోర్టులో వేసి సీసీ మూయించాలి. ఒకటి స్టేషన్‌లో ఇచ్చి, మీ జిరాక్సు మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోవాలి. మూడోది బీరువాలో.

అమెరికాలో ఉన్న బంధువులు "ఎక్స్‌పంజ్ చేయించుకో" అని సలహా ఇస్తుంటారు. మన దగ్గర 18 ఏళ్లు నిండినవాళ్ల కేసులను రికార్డులోంచి మొత్తంగా చెరిపేయడానికి అలాంటి చట్టమేదీ లేదు. ఎంట్రీ ఉండిపోవచ్చు, దాని పక్కన కేసు ముగిసిందని పడేలా చూసుకోవడమే మన పని. కాబట్టి ఉద్యోగం ఫారంలో ప్రశ్నను రెండుసార్లు చదవండి. "కేసు పెండింగ్‌లో ఉందా" అన్నది వేరు, "ఎప్పుడైనా నమోదైందా" అన్నది వేరు. రెండోదానికి, కొట్టేసిన కేసైనా సరే, ఉందనే రాసి ఆర్డరు జతచేయండి. దాచిపెట్టినందుకే ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. 2016లో సుప్రీంకోర్టు ఈ విషయం మీద వివరంగానే తీర్పిచ్చింది.

ఈ వారం పని: మీ కేసుకు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొట్టి, కేసు ఏ దశలో ఉందో, చివరి వాయిదా ఎప్పుడో రాసుకోండి. చాయ్ బండి దగ్గరి అబ్బాయి ముందు వారెంటు రీకాల్ (వెనక్కి) చేయించుకోవాలి. ఆ పిటిషన్‌లో ఏం రాయాలో 5వ పాఠంలో.